బెంచ్ ప్రెస్ ఛాతీకి తగలాలంటే: కండరాల పని, పడుకునే వరుస, తప్పులు, సవరణలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట జిమ్ములలో సాధన చేసే పాఠకులు పంపే ప్రశ్నలలో ఎక్కువ భాగం బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద వెల్లకిలా పడుకుని, బరువుల రాడ్‌ను ఛాతీ మీదికి దించి పైకి నెట్టే వ్యాయామం) గురించే ఉంటున్నాయి. "బెంచ్ కొడితే ఛాతీకి ఏం తెలుస్తలేదన్నా, భుజాలే గుంజుతున్నయి" అని ఒకరు, ట్రైసెప్స్ ముందే అలసిపోతున్నాయని ఇంకొకరు, రాడ్ ఎడమ పక్కకు ఒరుగుతోందని మరొకరు రాస్తున్నారు. ఈ ఫిర్యాదులన్నిటికీ మూలం దాదాపు ఒకే చోట ఉంటుంది. బరువు ఏ కండరం మీద పడాలన్నది రాడ్ స్టాండు మీది నుంచి లేవక ముందే, పడుకున్న తీరులోనే చాలా వరకు తేలిపోతుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎత్తడం కంటే ఎత్తే ముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ఏ కండరం ఏ పని చేస్తుంది

నెట్టే పని ప్రధానంగా మూడు కండరాలది. వాటిలో పెద్దది ఛాతీ కండరం, పెక్టొరాలిస్ మేజర్. దీని పై భాగం జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) నుంచి, మిగిలిన భాగం రొమ్ము ఎముక నుంచి, పక్కటెముకల మృదులాస్థి నుంచి బయలుదేరుతుంది. ఈ పీచులన్నీ చంక ముందుగా సాగి, దండచేతి ఎముక పైభాగాన దగ్గరదగ్గరగా అతుక్కుంటాయి. పక్కకు చాచిన చేతిని శరీరం ముందుకు, మధ్యకు లాగడం దీని పని. కాబట్టి ఛాతీ పనిచేస్తోందా లేదా అన్నది తెలుసుకోవాలంటే రాడ్‌ను కాకుండా మోచేతిని గమనించాలి.

రెండవది భుజం ముందు భాగంలోని డెల్టాయిడ్. ఇది కింది నుంచి పై దాకా ఛాతీకి తోడుగానే ఉంటుంది. అయితే భుజాలు ముందుకు జారిపోయినా, మోచేతులు మరీ పక్కలకు విచ్చుకున్నా తన వంతుకు మించిన బరువు దీని మీద పడుతుంది.

మూడవది ట్రైసెప్స్. మోచేతిని సాచే ఈ కండరానికి మూడు పాయలు ఉంటాయి. పొడవైన పాయ భుజఫలకం (వీపు పైన ఉండే రెక్క ఎముక) నుంచి, మిగిలిన రెండు దండచేతి ఎముక నుంచి వస్తాయి. రాడ్ సగం ఎత్తు దాటిన తరువాత, చేతులు పూర్తిగా సాగే దాకా దీని వాటా పెరుగుతూ పోతుంది. రాడ్ ఛాతీని తాకే చోట ఛాతీ కండరం బాగా సాగి ఉంటుంది కనుక, అక్కడి నుంచి లేపే మొదటి భాగంలో దాని వంతు ఎక్కువ.

కనిపించకుండా పనిచేసేవి ఇంకా ఉన్నాయి. భుజపు గుండును గుంటలో నిలిపి ఉంచే నాలుగు రొటేటర్ కఫ్ కండరాలు, భుజఫలకాలను వెనక్కి పట్టి ఉంచే రాంబాయిడ్లు, ట్రెపీజియస్ మధ్యభాగం, చంక వెనుక నుంచి నడుము దాకా పరచుకున్న లాటిస్సిమస్ డోర్సై, ఇవన్నీ బరువును నెట్టకపోయినా నెట్టడానికి కావలసిన గట్టి ఆధారాన్ని ఇస్తాయి. బైసెప్స్‌కు ఇందులో నెట్టే పని లేదు. మోచేయి వణకకుండా చూడటం వరకే దాని పాత్ర.

పక్కటెముకల మీద వేళ్లలా కనిపించే సెరాటస్ యాంటీరియర్ సంగతి వేరు. భుజఫలకాన్ని ముందుకు తిప్పడం దాని పని. బెంచ్ మీద భుజఫలకాలను నొక్కి ఉంచుతాం కనుక దానికి పూర్తి కదలిక దొరకదు. బెంచ్ ఎంత కొట్టినా దండీలు తీయడం మానకూడదని పాత ఉస్తాదులు పట్టుబట్టడంలో అర్థం ఉంది: దండీలలో భుజఫలకాలు స్వేచ్ఛగా కదులుతాయి.

2. పడుకోక ముందు చూసుకోవలసినవి

మొదట రాడ్ బరువు తెలుసుకోవాలి. ఒలింపిక్ రాడ్ పురుషులకు 20 కిలోలు, మహిళలకు 15 కిలోలు ఉంటుంది. కానీ మన చిన్న జిమ్ములలో సన్నటి రాడ్లు, పొట్టి రాడ్లు కూడా ఉంటాయి, వాటి బరువు 20 కిలోల కంటే బాగా తక్కువ. ఒకసారి తూకం మీద పెట్టి చూసుకుంటే, జిమ్ మారినప్పుడు లెక్క తారుమారు కాదు. అరిగిపోయిన ప్లేట్లను కూడా అలాగే తూచడం మంచిది. రెండు పక్కలా ఒకే అంకె రాసి ఉన్నంత మాత్రాన ఒకే బరువు ఉంటుందని నమ్మలేము.

తరువాత స్టాండు మీద రాడ్‌ను ఆనించే కొక్కేల ఎత్తు. పడుకుని రాడ్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. కొక్కేలు మరీ ఎత్తులో ఉంటే రాడ్ తీయడానికి భుజాలు లేపవలసి వస్తుంది. అంతసేపూ సర్దుకున్న భుజఫలకాలు ఆ ఒక్క కదలికతో విడిపోతాయి. మరీ కిందికి ఉంటే బరువు తీయడానికే బలం సగం ఖర్చవుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసినది చెమట. ఏప్రిల్, మే నెలల్లో, అందులోనూ రేకుల కప్పు కింద నడిచే జిమ్ములలో, రెండు సెట్లు (మధ్యలో ఆగకుండా వరుసగా ఎత్తే విడతలు) పూర్తయ్యేసరికి రెక్సిన్ తడిసి వీపు జారడం మొదలవుతుంది. వీపు జారితే భుజఫలకాల బిగువు నిలవదు. మెరిసే పాలిస్టర్ బనియన్ల కంటే ముతక నూలు టీషర్టు బెంచ్‌కు బాగా పట్టుకుంటుంది. తుండు పరిస్తే అది వీపు కింద ముడతలు పడి మరింత జారుతుంది కాబట్టి, ప్రతి సెట్ తరువాత బెంచ్‌ను తుడవడమే మేలు. అరచేతులకు జిమ్నాస్టులు వాడే చాక్ రాసుకోవచ్చు. ముఖానికి వేసుకునే పౌడరు మాత్రం పట్టును జారుస్తుంది.

పడుకునే ముందు సరిచూసుకోండి:

- రెండు పక్కలా ప్లేట్లు ఒకే వరుసలో, ఒకే బరువుతో ఉన్నాయా?
- కొక్కేలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా?
- బెంచ్ కదలకుండా, స్టాండుకు సరిగ్గా మధ్యలో ఉందా?
- పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయా? పొట్టిగా ఉన్నవారు కాళ్ల కింద చెరొక వెడల్పాటి ప్లేటు పెట్టుకోవచ్చు.
- పక్కన సపోర్ట్ మనిషి, లేదా ఛాతీ ఎత్తులో సేఫ్టీ కడ్డీలు ఉన్నాయా?

3. వార్మప్

ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగెత్తడం బెంచ్‌కు వార్మప్ కాదు. అయిదు నిమిషాలు ఒంట్లో వేడి పుట్టించి, భుజాలను తిప్పి, రబ్బరు బ్యాండును ఛాతీ ముందు పట్టుకుని రెండు పక్కలకు లాగే వ్యాయామం ఒకటి రెండు సెట్లు చేస్తే చాలు. ఆ లాగుడులో వీపు పై భాగం మేలుకుంటుంది. కాసేపటికి భుజఫలకాలను బిగించవలసింది అదే కదా.

ఆ తరువాత అసలు వార్మప్ రాడ్‌తోనే జరగాలి. ఉదాహరణకు ఆ రోజు 60 కిలోలతో సెట్లు చేయాలనుకుంటే, ఖాళీ రాడ్‌తో 12, 40 కిలోలతో 6, 50 కిలోలతో 3 రెప్స్ (రాడ్‌ను ఒకసారి దించి నెడితే ఒక రెప్) చేసి 60కి రావాలి. ఖాళీ రాడ్‌ను కూడా బరువైన రాడ్‌లాగే, అన్ని మెట్లూ పాటిస్తూ ఎత్తాలి. అలవాటు పడేది అక్కడే.

4. పడుకునే వరుస

ఇది ఈ వ్యాయామానికి గుండెకాయ. వరుస మారితే ఒకటి సర్దుకునేసరికి ఇంకొకటి చెడుతుంది.

మొదటి మెట్టు: కళ్లు రాడ్‌కు సరిగ్గా కిందికి వచ్చేలా పడుకోవాలి. మరీ పైకి జరిగితే నెట్టేటప్పుడు రాడ్ కొక్కేలకు తగులుతుంది. మరీ కిందికి ఉంటే రాడ్‌ను దూరం నుంచి గుంజుకోవలసి వస్తుంది.

రెండవ మెట్టు: పట్టు. భుజాల వెడల్పు కంటే కొంత ఎక్కువ దూరంలో, రెండు చేతులూ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. పవర్‌లిఫ్టింగ్ రాడ్ మీద 81 సెంటీమీటర్ల దూరంలో రెండు నున్నటి గీతలు ఉంటాయి. పోటీలలో చూపుడు వేళ్లు వాటిని దాటి బయటికి పోకూడదు. సరైన వెడల్పు తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది: రాడ్ ఛాతీని తాకినప్పుడు ముంజేతులు ముందు నుంచి చూసినా, పక్క నుంచి చూసినా నిలువుగా కనిపించాలి. ఆ పట్టు కుదిరిన చోట గీత నుంచి ఎన్ని వేళ్ల దూరమో గుర్తు పెట్టుకోండి.

రాడ్‌ను అరచేతి మధ్యలో కాకుండా, బొటనవేలి అడుగున ఉన్న మెత్తటి దిండు మీద ఆనించి, బొటనవేలిని తప్పనిసరిగా చుట్టూ తిప్పి పట్టుకోవాలి. బొటనవేలిని మిగిలిన వేళ్ల పక్కనే ఉంచి పట్టే పట్టు కొందరికి హాయిగా ఉంటుంది కానీ, అది జారితే రాడ్ పడేది నేరుగా ఛాతీ మీదనో గొంతు మీదనో. హాయి కోసం అంత ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

మూడవ మెట్టు: భుజఫలకాలు. రెండింటినీ వెనక్కి దగ్గరకు తెచ్చి, తరువాత నడుము వైపు కిందికి లాగాలి. వీపు వెనుక జేబులోకి వాటిని దూర్చినట్టు అనుకుంటే కుదురుతుంది. ఇలా చేయగానే ఛాతీ దానంతట అదే పైకి లేస్తుంది, మెడ పొడవైనట్టు అనిపిస్తుంది. భుజాలు చెవుల వైపు ఎగబాకితే కిందికి లాగడం మరిచిపోయారని అర్థం. ఛాతీ కండరం సాగడానికి చోటు ఇచ్చేది, భుజం ముందు భాగాన్ని కాపాడేది ఈ ఒక్క మెట్టే.

నాలుగవ మెట్టు: పాదాలు. మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, మడమలు నేలకు ఆనేలా పెట్టి, నేలను తలకు వ్యతిరేక దిశలో తోసినట్టు ఒత్తిడి ఇవ్వాలి. ఆ ఒత్తిడి నడుము గుండా వీపు పై భాగాన్ని బెంచ్‌లోకి అదిమి పెడుతుంది. నడుము కింద సహజంగా కొద్దిపాటి ఖాళీ ఏర్పడుతుంది. అది తప్పు కాదు. పిరుదులు, వీపు పై భాగం, తల మాత్రం బెంచ్‌ను వదలకూడదు.

5. రాడ్ తీయడం, దించడం, నెట్టడం

రాడ్‌ను కొక్కేల నుంచి పైకి ఎగదోయకుండా, చేతులు సాచి ముందుకు జరిపి భుజం కీళ్లకు సరిగ్గా పైకి తేవాలి. ఒక్క క్షణం నిలిపి, రాడ్ వణకడం ఆగిన తరువాతే గుండె నిండా గాలి పీల్చుకుని బిగబట్టాలి.

దించేటప్పుడు రాడ్ నిట్టనిలువుగా రాదు. భుజం కీలు పై నుంచి మొదలై, రొమ్ముమొనల వరుసకో దానికి కాస్త కిందికో వాలుగా వచ్చి తాకాలి. దండచేతులకు, పక్కటెముకలకు మధ్య కోణం సుమారు 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంటే భుజానికి క్షేమం, ఛాతీకి పని. 90 డిగ్రీలకు విచ్చుకుంటే భుజం ముందు భాగం నలుగుతుంది. మోచేతులు పక్కటెముకలకు అంటుకుపోతే పని ట్రైసెప్స్‌కు మారుతుంది. కిందికి రావడానికి రెండు సెకన్లు పట్టాలి. దించేటప్పుడు కూడా అవే కండరాలు, సాగుతూనే, బరువును ఆపుతాయి; రాడ్‌ను వదిలేస్తే ఆ సగం వ్యాయామం పోయినట్టే.

ఛాతీకి తాకించాలి, ఎగరేయకూడదు. టీషర్టు మీద రాడ్ ఆనిందని తెలిసినంత తాకుడు చాలు.

నెట్టేటప్పుడు మొదటి క్షణంలో కాళ్ల ఒత్తిడి పెంచి, రాడ్‌ను పైకి, కొద్దిగా ముఖం వైపుకు నెట్టాలి. ఛాతీకి కొంత పైన రాడ్ నెమ్మదించే చోటు ఒకటి ఉంటుంది. అది దాటిన తరువాత గాలి వదలవచ్చు. రక్తపోటు ఉన్నవారు గాలి బిగబట్టకుండా, నెట్టేటప్పుడు వదులుతూ, తక్కువ బరువుతో, డాక్టరు సలహా మీదనే చేయాలి.

చేతులు సాగిన తరువాత భుజాలను కూడా పైకి నెట్టడం చాలామందికి అలవాటు. అలా చేస్తే భుజఫలకాలు విడిపోతాయి. తరువాతి రెప్ నుంచి బరువు భుజాల మీదే.

6. సపోర్ట్ పట్టడం, ఒంటరిగా చేయడం

సపోర్ట్‌కు వచ్చిన మనిషికి సెట్ మొదలు కాక ముందే మూడు మాటలు చెప్పాలి: ఎన్ని రెప్స్ చేయబోతున్నారు, రాడ్ తీసి ఇవ్వాలా వద్దా, ఏ మాట వింటే పట్టుకోవాలి. "లే అన్నా, నీదే" అంటూ మొదటి రెప్ నుంచే రాడ్‌ను గుంజుతుంటే అక్కడ పనిచేసేది సపోర్ట్ మనిషి వీపు, మీ ఛాతీ కాదు. రాడ్ ఆగిపోయినప్పుడో, కిందికి మళ్లినప్పుడో మాత్రమే అతను చేయి వేయాలి.

ఒంటరిగా చేసేవారు సేఫ్టీ కడ్డీలున్న ర్యాక్‌లోనే చేయాలి. ఛాతీ లేపి ఉంచినప్పుడు రాడ్ దానికి తాకేలా, ఛాతీ దించితే కడ్డీల మీద ఆనేలా వాటి ఎత్తు పెట్టుకోవాలి. కడ్డీలు లేని చోట, ఇంకా రెండు రెప్స్ చేయగలమనిపించినప్పుడే సెట్ ఆపేయాలి. సాయంత్రం వేళ కరెంటు పోయే జిమ్ములలో ఇంకో జాగ్రత్త అవసరం: చీకటి పడగానే కొక్కేలను తడుముకోకుండా, చేతులు సాచి రాడ్‌ను పైన నిలిపి, పక్కవారిని పిలవండి.

7. తరచుగా కనిపించే తప్పులు, సవరణలు

ఛాతీకి తెలియకపోవడం. బరువును మూడో వంతు తగ్గించి, రాడ్ ఛాతీని తాకిన చోట ఒక సెకను ఆపి నెట్టండి. నెట్టేటప్పుడు అరచేతులను జరపకుండానే రెండింటినీ దగ్గరకు తేవాలన్నట్టు రాడ్ మీద లోపలికి ఒత్తిడి పెట్టండి. అయినా తెలియకపోతే కొన్ని వారాలు డంబెల్స్‌తో చేయండి. వాటితో చేతులు మరింత లోతుకు దిగుతాయి, పైన దగ్గరకు వస్తాయి.

భుజం ముందు భాగంలో నొప్పి. మొదట భుజఫలకాలు, తరువాత మోచేతుల కోణం, ఆ తరువాత రాడ్ తాకే చోటు చూసుకోవాలి. రాడ్ మెడ వైపు, జత్రుకకు దగ్గరగా దిగుతుంటే నొప్పి ఖాయం. పట్టును ఒక వేలంత లోపలికి తెస్తే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. పుల్లింగ్ (బరువును ఒంటి వైపుకు లాగే) వ్యాయామాలు తక్కువగా చేసేవారిలో ఈ నొప్పి ఎక్కువగా కనిపిస్తుంది; బెంచ్ సెట్లు ఎన్ని చేస్తే రోయింగ్ సెట్లు కూడా కనీసం అన్ని ఉండాలి.

మణికట్టు నొప్పి. రాడ్ వేళ్ల మొదళ్లలో ఉండి మణికట్టు వెనక్కి మడత పడుతోందన్నమాట. బెల్టు చుట్టుకోవడం కంటే ముందు పట్టు సరిచేసుకోవాలి.

రాడ్ ఒక పక్క ముందుగా లేవడం. బలం తేడా కంటే పట్టు తేడా వల్ల ఇది ఎక్కువగా జరుగుతుంది. రెండు చేతుల దూరం, ప్లేట్ల బరువు చూసిన తరువాత కూడా మారకపోతే, ఒంటి చేత్తో డంబెల్ ప్రెస్ చేస్తూ, బలహీనమైన చెయ్యి ఎన్ని రెప్స్ చేయగలిగితే రెండో చేతికి కూడా అన్నే ఇవ్వండి.

పిరుదులు లేవడం. పాదాలు మరీ వెనక్కి పోయాయి, లేదా బరువు ఎక్కువైంది. రెండోదే ఎక్కువసార్లు నిజం.

రాడ్ సగంలో ఆగిపోవడం. ఛాతీ దగ్గరే ఆగితే, కింద ఆపి నెట్టే రెప్స్ పెంచాలి. చివరి భాగంలో ఆగితే ట్రైసెప్స్ వెనకబడ్డాయి. భుజాల వెడల్పు పట్టుతో క్లోజ్ గ్రిప్ బెంచ్ చేర్చుకోవాలి.

ఏ తప్పు జరుగుతోందో తేలకపోతే ఫోనును బెంచ్ ఎత్తులో, పక్క నుంచి పెట్టి ఒక సెట్ వీడియో తీసుకోండి. అద్దంలో చూడాలని తల తిప్పితే మెడ పట్టేస్తుంది.

8. కోణం, పట్టు మార్చినప్పుడు

బెంచ్‌ను సుమారు 30 డిగ్రీలకు లేపితే జత్రుక నుంచి వచ్చే పై ఛాతీ పీచులకు, ముందు భుజానికి పని పెరుగుతుంది. 45 డిగ్రీలు దాటితే అది భుజాల వ్యాయామం కిందికే వస్తుంది. మన జిమ్ములలో కదలని ఇంక్లైన్ బెంచీలు చాలా నిటారుగా వెల్డింగ్ చేసి ఉంటాయి కనుక, వీలైతే కోణం మార్చుకునే బెంచ్‌నే వాడాలి.

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం సాధన చేసేవారు కూడా బెంచ్ గురించి అడుగుతుంటారు. ఆ ఈవెంట్లలో ఒకటైన షాట్‌పుట్‌లో పురుషుల గుండు 7.26 కిలోలు. దాన్ని విసరడంలో కాళ్ల నుంచి పుట్టిన బలం నడుము గుండా భుజానికి చేరాలి, భుజఫలకం స్వేచ్ఛగా ముందుకు రావాలి. అందువల్ల వారికి ఫ్లాట్ బెంచ్‌లో బరువులు పెంచుకుంటూ పోవడం కంటే ఇంక్లైన్ డంబెల్ ప్రెస్, వేగంగా తీసే దండీలు, స్క్వాట్లు ఎక్కువ ఉపయోగపడతాయి.

9. బరువు పెంచే తీరు

కొత్తవారు ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామంతో, 8 నుంచి 10 రెప్స్ చొప్పున మూడు సెట్లు చేయాలి. మూడు సెట్లలోనూ 10 రెప్స్ శుభ్రంగా వచ్చిన తరువాతే మొత్తం మీద 2.5 కిలోలు పెంచాలి. చాలా జిమ్ములలో అతి చిన్న ప్లేటు 2.5 కిలోలదే కావడంతో రెండు పక్కలా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. ఆ దూకుడు దగ్గరే ఎత్తే తీరు చెడుతుంది. 1.25 కిలోల ప్లేట్ల జత ఒకటి కొనుక్కుని సంచిలో ఉంచుకోవడం దండగ ఖర్చు కాదు.

సెట్ల మధ్య రెండు మూడు నిమిషాల విరామం తీసుకోండి. సోమవారం సాయంత్రం ఊరంతా చెస్ట్ డేనే కాబట్టి బెంచ్ ఖాళీ దొరకదు, తొందరపెట్టేవారూ ఉంటారు. మీ బెంచ్ రోజును బుధవారానికి మార్చుకుంటే సగం చిక్కులు తీరతాయి.

10. ఎప్పుడు ఆపాలి

మరుసటి రోజు ఛాతీ మధ్యలో, చంక ముందు భాగంలో సలుపు ఉంటే అది పని చేసిన కండరపు నొప్పి. రెండు మూడు రోజుల్లో పోతుంది. కింది గుర్తులు కనిపిస్తే మాత్రం ఆ సెట్‌ను అక్కడే ఆపాలి:

- రాడ్ కిందికి దిగుతుండగా ఛాతీలోనో చంక దగ్గరో తెగినట్టు, చిట్లినట్టు అనిపించడం
- కొన్ని గంటలలో దండచేతి మీదకు, చంక మీదకు నీలం మచ్చ పాకడం, చంక ముందు అంచు లోపలికి గుంట పడటం
- చెయ్యి పైకి లేవకపోవడం, రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోవడం
- వేళ్లలో తిమ్మిరి
- ఎడమ చేతికి, దవడకు పాకే ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, చల్లని చెమటలు

చివరిది కండరం సంగతి కాకపోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మొదటి రెండు ఛాతీ కండరం చిరిగిన గుర్తులు. వాటికి మర్దన చేయించుకోవడం, వేడి కాపడం పెట్టుకోవడం వద్దు. చల్లటి కాపడం పెట్టి, చేతిని గుడ్డతో మెడకు కట్టుకుని ఒకటి రెండు రోజుల్లోనే ఎముకల డాక్టరుకు చూపించాలి. పూర్తిగా తెగిన కండరానికి ఆపరేషన్ అవసరమైతే, వారాల తరబడి ఆలస్యం చేసిన కొద్దీ దాన్ని తిరిగి అతికించడం కష్టమవుతుంది.